పదకొండో పేజీలో ఎర్ర సున్నా

మార్చి 22
పొద్దుటినుంచే ఉక్క. కోదాడ నుంచి సూర్యాపేట దాకా బస్సులో నిలబడే వెళ్ళాను. స్పాట్ వాల్యుయేషన్ మొదలైంది. రోజంతా ఇంటర్ ఫిజిక్స్ పేపర్లు దిద్దాను. ఇంటికొచ్చేసరికి టేబుల్ మీద మా ఆయన ప్రభుదాస్ పీహెచ్‌డీ థీసిస్ ఉంది. చదివి చెప్పమన్నాడు. క్వార్కులు, ఎలక్ట్రాన్లు ఇంకా చిన్న ముక్కలతో తయారయ్యాయనే మోడల్. ఆ ముక్కల పేరు ప్రియాన్లు. అన్నం ఉడికేలోపు మొదటి చాప్టర్ చదివాను.

చేతి అలవాటు. పదకొండో పేజీలో ఒక లైనుకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, 'స్టెప్ మిస్సింగ్' అని రాశాను. మార్జిన్‌లో అర మార్కు కూడా వేశాను.

అర మార్కు చూసి కొట్టాడు.

మార్చి 23, ఆదివారం
చర్చికి వెళ్ళలేదు. పెదవి వాచింది.

ఎలక్ట్రాన్ అంత చిన్న చోట ముక్కల్ని కుక్కితే అవి ఊరుకోవు, విపరీతంగా కదులుతాయి. ఆ కదలిక శక్తే ఎలక్ట్రాన్ బరువుకు లక్షల రెట్లవుతుంది. మొత్తం కన్నా ముక్కలే బరువు. ఆ బరువంతా ఎటు పోయింది? 'బంధన శక్తితో రద్దవుతుంది' అని ఒక్క లైనులో తేల్చేశాడు. ఎలా రద్దవుతుందో రాయలేదు. ఆ లైను కరెక్టని నేను ఒప్పుకోవాలట. ఒప్పుకోలేదు. బెల్టు తీశాడు.

మార్చి 25
గరిడేపల్లి నుంచి అత్తమ్మ వచ్చింది. మొగని లెక్కల తప్పులు తియ్యనీకి నీకెవరన్న జీతమిస్తున్నరా అని అడిగింది. స్పాట్‌లో ఇస్తున్నారు. ఆ మాట పైకి అనలేదు.

సాయంత్రం పాస్టరుగారిని పిలిపించింది. ఆయన మా ఇద్దరినీ మోకరింపజేసి ప్రార్థన చేశారు. ఎలక్ట్రాన్ లోపల ఏమున్నదో ప్రభువుకే ఎరుక గీతమ్మా, జర ఆ లైను కరెక్టే అనరాదా, ఖతమైతది అన్నారు. ఎర్ర పెన్ను వాడినందుకు సారీ చెప్పాను. లైను మాత్రం తప్పే అన్నాను.

ఆయన చెప్పులు వేసుకునేలోపే ప్రభుదాస్ నా జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. పాస్టరుగారు చూశారు. బండి స్టార్ట్ చేశారు.

మార్చి 26
పేపర్లు దిద్దాను. పక్కటెముక నొప్పి.

మిర్యాలగూడలో ఉన్న మా అన్నకు ఫోన్ చేశాను. బావ సదువుకున్నోడు, ఆయన లెక్కలల్ల నువ్వెందుకు దూరుతవ్ అన్నాడు.

మార్చి 28, మధ్యాహ్నం
యూనివర్సిటీలో ప్రభుదాస్ సెమినార్. గైడ్ కూడా ఆ లైను దగ్గరే ఆపాడట. నువ్వే ఆయనకు ముందుగాల చెప్పినవ్ అని ప్రభుదాస్ ఫోన్‌లో అరిచాడు. నేను చెప్పలేదు. బస్సెక్కాడట. టీవీ సౌండ్ పెంచమని నాకు చెప్పి అత్తమ్మ వంటింట్లోకి వెళ్ళింది.

మార్చి 30
ఎడమచేత్తో రాస్తున్నాను. నా కుడిచేతిని గుమ్మానికి అదిమిపట్టి తలుపు వేశాడు. రెండుసార్లు.

దవాఖానలో డాక్టరమ్మ ఎట్లయిందని అడిగింది. బాత్రూంల జారిపడ్డది మేడం అని అత్తమ్మ చెప్పింది.

తప్పు అన్నాను. ఒక్క స్టెప్పూ వదలకుండా చెప్పాను. డాక్టరమ్మ రాసుకుంది. పోలీసులకు ఫోన్ చేసింది.

మార్చి 31
పొద్దున ఏడింటికి ప్రభుదాస్‌ను జీపులో తీసుకెళ్ళారు. తొమ్మిదింటికి అత్తమ్మ గరిడేపల్లి బస్సెక్కింది.

నేను ఇంట్లోనే.