పంచని చలిమిడి

నందిగట్టు, తణుకు తాలూకా
18-6-2001

నర్సమ్మ రత్నమాణిక్యానికి గరగ పోతురాజు దీవెనలు. ఇక్కడ పిల్లాజెల్లా బాగున్నారు. కొవ్వూరులో నువ్వు నలతేమీ లేకుండా ఉన్నావనుకుంటాను. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, కూడబలుక్కుని చదువుకో.

ఎవరినీ మెచ్చుకునే రకం కాదు నేను. నిన్ను మెచ్చుకోవాల్సి వచ్చింది, అందుకే ఇన్నాళ్ళు పట్టింది.

మాఘమాసంలో మా మునిమనవరాలు హారతికి తట్టు రాకుండా సూది వేసి వెళ్ళావు. వారం తిరక్కుండానే పిల్లకి జ్వరం కాసి ఒళ్ళంతా ఎర్రగా పేలింది. అమ్మవారు పోసిందన్నారు. సూదితో గుచ్చినందుకే ఆవిడకి కోపం వచ్చిందని ముందుగా అన్నది నేనే. ఏటా జాతరలో ఆవిడ గరగ కుండ నెత్తిన పెట్టుకుని ఊరు తిరిగేవాణ్ణి, నేను కాక ఎవరంటారు? గడపకి వేపమండలు కట్టించి నీకు కబురు పెట్టాను. ఇంకొకతె అయితే వచ్చేది కాదు.

నువ్వు చెప్పులు వీధిలో విప్పి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చావు. సూది వేసిన పిల్లల్లో కొందరికి ఇలా పేలుతుందండి, తొందర్లోనే తగ్గిపోతుందండి, తగ్గేదాకా ఇక్కడే ఉంటాను అన్నావు. తగ్గకపోతేనో అన్నాను. తగ్గకపోతే నన్ను మళ్ళీ ఊళ్ళోకి రానివ్వకండి, గరగ మోసే మీకు ఇంత భయమేంటండి తాతగారూ అన్నావు. మా ఆవిడ పోయాక నన్ను ఆ మాట అన్నది నువ్వొక్కతెవే.

మాతోపాటు పోపు లేని చప్పిడి కూడే తిన్నావు. పిల్ల తల్లి వెంకటదుర్గ నీళ్ళు పట్టనంటే, అమ్మవారికి చల్లనివే ఇష్టమంటారు కదండీ, కొబ్బరినీళ్ళు పడదాం అన్నావు. మా ఆచారాన్ని ఒక్క మాట అనలేదు, నీ మందునీ వదల్లేదు.

పిల్ల తేరుకుంది. వేపాకు నీళ్ళు పోయించి, అమ్మవారికి చలిమిడి నైవేద్యం పెట్టి అందరికీ పంచాను. నీ చేతిలో మాత్రం పెట్టలేదు. వెంకటదుర్గ ఏడ్చినంత పని చేసింది. ముసలాడికి పొగరు దిగలేదని ఊరంతా అనుకుంది. అనుకోనీ. దొడ్లో అరటిపళ్ళు నీ సంచిలో వేయించాను, తిన్నావో లేదో.

ఆ రోజే మా అరుగు మీద పిల్లలందరికీ సూది వేయించాను. కోపమొస్తే ఆవిడ నా మీద చూపించుకుంటుంది, పిల్లల్ని తీసుకురండర్రా అన్నాను. వేసవిలో పక్క ఊళ్ళో ఇంటింటా తట్టు పోసింది. మన ఊళ్ళో ఒక్క గడపకీ వేపమండ కట్టలేదు.

ఇప్పుడు నీ బదులు కొత్త నర్సమ్మ వచ్చి ఉత్త అరుగు మీద కూర్చుని వెళ్తోంది. మా మాణిక్యమ్మ వస్తేనే అంటున్నారు తల్లులు. సూది పడాల్సిన పసివాళ్ళు ఉన్నారు. నా మాట కంటే నీ మొహం మీద వాళ్ళకి నమ్మకం ఎక్కువ. ఈ మాట రాయడం నాకేమీ సరదా కాదు. వచ్చే బుధవారం ఒక్కసారి వచ్చి ఆ కొత్త నర్సమ్మ పక్కన నిలబడు.

ఇట్లు,
గరగ పోతురాజు

తా.క. బదిలీ అయినప్పుడు నాతో చెప్పకుండా వెళ్ళావు. చలిమిడి సంగతి మనసులో పెట్టుకున్నావేమో. అంతకుముందు క్రిస్మస్ రోజుల్లో బెల్లం అమ్మడానికి తణుకు వెళ్ళి, చర్చి ముందు తెల్లచీరలో పాట పాడుతున్న నిన్ను చూశాను. మీరు ప్రసాదం తినరని నాకు తెలుసు. చేతిలో పెడితే కాదనలేక తిని బాధపడేదానివి, వద్దంటే ఊళ్ళో పుల్లలు పెట్టేవాళ్ళు. అందుకని నేనే పెట్టలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. ఆ అరటిపళ్ళు చెట్టు నుంచి తిన్నగా నీ సంచిలోకి వచ్చినవి, అమ్మవారికి చూపించలేదు. ఇంకో గెల పండుతోంది.