పార్వతి వదిన బొగ్గుల పొయ్యి

బాగ్‌బేరా, మంగళవారం

గల్ఫ్ నుంచి ఓడలు రాక మా రైల్వే క్వార్టర్లలో గ్యాస్ కరువైంది. అందరం పక్కింటి పార్వతి వదిన వాకిట్లో బొగ్గుల పొయ్యి మీదే వండుకుంటున్నాం. ఎవరి గిన్నె ముందు ఎక్కాలో ఆవిడే చెబుతుంది. ఆ పెత్తనం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈరోజు మా ఒక్కరికే సిలిండర్ వచ్చింది. ఇక ఆవిడ గుమ్మం తొక్కనక్కర్లేదని గబగబా వండి మా ఆయనకు వడ్డించాను.

"బొగ్గుల మీద వండిన రుచి రానేదే," అని కంచం పట్టుకుని ఆయన ఆ వాకిట్లోకే పోయారు.

అక్కడి నవ్వులు వినలేక కిటికీ వేశాను. అంతలో వదినే తలుపు కొట్టింది.

"ఒక్కదానివీ ఏటి సేత్తన్నావే? పొయ్యి మీద నీ వంతు ఉంచాను, రా."

ఇంట్లో అన్నం ఉడికే ఉంది. అయినా బియ్యం కడిగి పట్టుకెళ్లాను.

ఆ మంచితనం కూడా ఆవిడకే ఎందుకుండాలి?