మహ్దియా ఎర్రమట్టి కోర్టు, ఆఖరి ఫైనల్

మహ్దియా పట్నం రేవు వీధి కాపురస్థురాలిని, మరణించిన బషీర్ జువారీ గారి కుమార్తెను, దలెందా జువారీ అను నేను, డెబ్బై మూడేళ్ళ వయసులో, ఆస్పత్రి మంచం మీద కూర్చుని స్వదస్తూరితో రాసిన వీలునామా. చెడినవి ఊపిరితిత్తులే, బుద్ధి కాదని డాక్టరు ఈ ఉదయం రాసిచ్చిన కాగితం దీనికి జతచేశాను. ఎవరి ఒత్తిడీ లేదని రాస్తే మాత్రం అబద్ధమవుతుంది. నా తమ్ముడి కొడుకులు అనీస్, వజ్ది నిన్న నా టెన్నిస్ కోర్టు అమ్మకం కాగితాలు తెచ్చి రెండు గంటలు మంచం పక్కనే కూర్చున్నారు. రేపు మళ్ళీ వస్తామన్నారు. అందుకే ఇవాళ రాస్తున్నాను.

1. దీనిని అమలు జరిపే బాధ్యత వకీలు హయత్ కమ్మూన్ గారిది. టెన్నిస్ కోర్టు తాళంచెవులు ఆమెకు అప్పగించాను. గేటుకు వేరే తాళం కనబడితే అది నాది కాదు, పగలగొట్టవచ్చు.

2. రేవు వీధి ఇల్లు చట్టప్రకారం నా ఏకైక వారసుడు, తమ్ముడు నాసిర్ జువారీకి చెందుతుంది. నేను ఇవ్వనక్కరలేదు. ఆపాలనీ లేదు.

3. కూస్‌కూస్ రవ్వ వండే రాగి పాత్ర పొరుగింటి మబ్రూకాకు. పట్టుకెళ్ళిన ప్రతిసారీ తిరిగివ్వడం మరిచిపోతుంది. ఇక ఇవ్వనక్కరలేదు.

4. ఊరి చివర సముద్రం వైపున్న టెన్నిస్ కోర్టు నాకు ఎలా వచ్చిందో, అక్కడ జరిగే వసంత టోర్నీ ఎలా ఆగిపోయిందో రాయకుండా దానిని ఎవరికీ ఇవ్వలేను. ఊళ్ళో చెప్పుకునేది వేరు.

చేపల డబ్బాల ఫ్యాక్టరీ ఫ్రెంచి దొరలు 1931లో తమ వినోదానికి వేయించుకున్న కోర్టు అది. మా నాన్న అక్కడ కూలి. విరిగిన ఇటుకలూ పెంకులూ దంచి, జల్లెడ పట్టి, ఆ ఎర్రపొడి పరిచి రోలరు లాగేవాడు. బావినీళ్ళలో ఉప్పు ఉండబట్టే తేమ నిలిచిందనీ, ఎడారి గాలికి కోర్టు ఎగిరిపోలేదనీ చెప్పేవాడు. దొరలు అమ్ముకుని పోతున్నప్పుడు మా అమ్మ బంగారం పెట్టి కొన్నాడు. తన తదనంతరం నాకే రాశాడు. పదహారు వసంతాలు టోర్నీ ఆయనే నడిపాడు. ట్యూనిస్ నుంచి, అల్జీర్స్ నుంచి, సిసిలీ నుంచి వచ్చే ఆటగాళ్ళు మా ఇంట్లోనే పడుకునేవారు, అమ్మ వండిన చేపల కూస్‌కూస్ తినేవారు.

1974 ఏప్రిల్ మూడో ఆదివారం ఫైనల్లో నాసిర్, సిసిలీ నుంచి వచ్చిన రోజారియో ఆడారు. మా ఊరివాడు ఫైనల్‌కు రావడం అదే మొదలు. గోడల మీద కూడా జనం. వెనక గీత దగ్గర బంతి లోపలా బయటా అని చెప్పే కుర్చీలో నేను కూర్చున్నాను. తమ్ముడి ఆటకు అక్క కూర్చోకూడదని నేనే అన్నాను. రావలసిన మనిషి రాలేదు, నాన్న కూర్చోమన్నాడు.

అయిదో సెట్టులో రోజారియోకు ఒక్క పాయింటు చాలు. నాసిర్ బలంగా కొట్టిన బంతి నా కాళ్ళ ముందు పడింది. అవుట్ అన్నాను. మట్టి కోర్టులో బంతి పడ్డచోట గుర్తు మిగులుతుంది. అక్కడ రెండున్నాయి. గీత మీదున్నది అంతకుముందు పాయింటుది, గీత బయటిది అప్పటిది. అంపైరు, మందుల షాపు హాదీ గారు, ఎత్తు కుర్చీ దిగి వస్తున్నారు. ఆయన కంటే ముందు నాసిర్ పరుగెత్తుకొచ్చి, బయటి గుర్తును చెరిపెయ్యడానికి కాలెత్తాడు. అది చెరిగితే గీత మీదిదొక్కటే మిగులుతుంది. నేను మోకాళ్ళ మీద పడి దాని మీద చెయ్యి కప్పాను.

“అక్కా, చెయ్యి తియ్యి.”

“తియ్యను. హాదీ గారు చూడాలి.”

“ఊరంతా చూస్తోందే. నా పరువు తియ్యకు.”

“నాకూ ఏడుపొస్తోందిరా. అయినా తియ్యను.”

అతని బూటు నా వేళ్ళకు పైనే ఆగింది. అడుగున అంటుకున్న మట్టి నా చేతి మీద రాలింది. తర్వాత అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. హాదీ గారు వంగి చూసి, ఆట ముగిసిందని చెయ్యి ఎత్తారు.

ముందు ఒక కుర్చీ వచ్చిపడింది. తర్వాత రాళ్ళు. ఎవరు విసిరారో ఈనాటికీ తేలలేదు. రోజారియో కనుబొమ్మ చీలింది. అతనికి అడ్డం వెళ్ళిన నాన్న మీద ఇనప కంచె కూలింది. ఆయన బతికిన మిగతా పదకొండేళ్ళూ కర్రతోనే నడిచాడు. మరుసటి ఏడాది ఒక్క ఆటగాడూ పేరు పంపలేదు. టోర్నీ అలా పోయింది. దలెందా నోటి మాటతో పోయిందని ఊరు అంది.

5. ఆ రోజు గెలిచినవాడికి ఎవరూ అందించని వెండి కప్పు, సిసిలీలోని త్రాపానీలో ఉన్న రోజారియో కూతురు అగాతాకు పంపవలెను. అతను బతికినన్నాళ్ళూ ప్రతి రంజాన్ పండక్కీ నాన్న పేర బాదం మిఠాయి పంపాడు, నాన్న పోయాక కూడా.

అప్పట్లో నాతో నిశ్చితార్థం జరిగిన సాలహ్‌కు ఏమీ లేదు. సొంత తమ్ముణ్ణి ఓడించిన పిల్ల రేపు మొగుణ్ణి ఏం నిలబెడుతుందని అతని తల్లి నలుగురిలో అంటుంటే, అతను తల వంచుకుని కాఫీ తాగాడు. నేను శుక్రవారం దాకా ఏడ్చాను. ఆ తర్వాత ఏడవలేదని అతనికి తెలియాలి.

6. కోర్టు, చుట్టూ ఉన్న స్థలం, రోలరు, బావి సహా, బడి వ్యాయామ టీచరు సామియా తుర్కీ నడిపే ఆడపిల్లల ఆటల సంఘానికి సర్వహక్కులతో చెందవలెను. పదకొండేళ్ళుగా ఆ పిల్లలు ఆడుతున్నారు కనుకే నేను రోజూ పొద్దున్నే మట్టి సర్దుతున్నాను. అమ్మకూడదు, సిమెంటు పొయ్యకూడదు. టోర్నీ మళ్ళీ పెట్టమని అడగను. పెడితే కుర్చీలు నేలకు బిగించమని నా సలహా.

7. మా చట్టంలో వీలునామాతో ఇవ్వగలిగేది ఆస్తిలో మూడో వంతే. ఈ స్థలం అంతకు మించుతుంది. మించిన భాగం, నేను పోయాక, నా వారసుడు నాసిర్ ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఒప్పుకోకపోతే చాలా భాగం అతని చేతికి, అక్కణ్ణుంచి కొడుకుల చేతికి, అక్కణ్ణుంచి హోటలు కట్టేవాళ్ళకు పోతుంది. మిగిలిన ముక్కలో ఎవరూ టెన్నిస్ ఆడలేరు.

ఫైనల్ జరిగిన వారమే నాసిర్ ఇల్లు వదిలాడు. నలభై తొమ్మిదేళ్ళుగా నాతో మాట్లాడలేదు. నాన్న పోయిన రోజున గుమ్మంలో నన్ను దాటుకుని లోపలికి వెళ్ళాడు. ఒకసారి చేపల బజారులో మాత్రం, ముందు ఆవిడకివ్వు అని కొట్టువాడితో అన్నాడు. ఆవిడ అంటే నేనే.

తమ్ముడూ, నిన్ను బతిమాలడానికి ఇది రాయలేదు. ఆ రోజు నువ్వు కాలు కింద పెట్టలేదు. అది దగ్గర నుంచి చూసినదాన్ని నేనొక్కదాన్నే. నీ గురించి ఎవరేమన్నా నాకు అదే గుర్తొచ్చేది.

2023 నవంబరు 14, మహ్దియా.
(సంతకం) దలెందా జువారీ
సాక్షులు: ఫదీలా మన్సూర్, నర్సు, అమ్మార్ షత్తీ, జాలరి, పక్క మంచం ఆమె భర్త.

వారసుడి ఒప్పుకోలు

నాసిర్ జువారీ అను నేను రాసినది. మా అక్క డిసెంబరు 2న పోయింది. ఈ వీలునామాను వకీలు గారి గదిలో రెండుసార్లు చదివాను. నా కొడుకులకు ఇష్టం లేదు, బయట కూర్చున్నారు. ఆరో అంశానికి పూర్తిగా ఒప్పుకుంటున్నాను.

అక్క ఒకటి తప్పు రాసింది. దగ్గర నుంచి చూసింది తనొక్కతే కాదు. తను చెయ్యి పెట్టకముందే ఆ గుర్తు నేను చూశాను. గీతకు రెండు వేళ్ళ అవతల ఉంది. బంతి అవుటని చూశాకే కాలెత్తాను.

2024 జనవరి 9.
(సంతకం) నాసిర్ జువారీ
సాక్షులు: హయత్ కమ్మూన్, వకీలు, సామియా తుర్కీ, టీచరు.