కడవరసకు వినబడతాందా

నాయనా,

మన మైకుసెట్టుతో ఇప్పుడు లైవ్ కూడా ఇస్తాండాను. రెండు యాప్‌లకు ఒకేసారి పంపే సాఫ్ట్‌వేర్లు మూడు చూసినాను. ఒకటి ఉచితమే గానీ వీడియోలో హరికథ చెప్పే భాగవతారు నెత్తిన తన పేరు అచ్చేసుకుంటాది. ఇంకోదానికి హంగులెక్కువ, చూసేవాళ్ల మెసేజులు మాత్రం మనకు చూపించదు. మూడోది రెండుపక్కల మెసేజులూ ఒకేచోట చూపిస్తాది. నీ మాదిరి చెప్పేవాళ్లు కావాలనే దాన్ని పట్టుకున్నాను. నువ్వున్నన్నాళ్లూ కడవరసలో నిలబడి, వినబడకపోతే తువ్వాలు ఎత్తేవాడివి గదా, నేను సౌండు పెంచేదాన్ని.

ఈ మద్దేన్నం భారతం హరికథలో "వినబడతాందా?" అని మెసేజు పెట్టినాను. "బాగుండాది మా" అని నాయుడుపేట నుంచి ఎవరో రాసినారు. మనసొప్పక లేసి కడవరసదాకా పోయినాను. ఆడ ముసలమ్మలు సరిగ్గా వినబడక చెవుల ఎనక చేతులు ఆనించుకోని వింటాండారు.

సౌండు పెంచమని నీ మాదిరే చున్నీ ఎత్తినాను. సెట్టు దగ్గర ఎవరూ లేరు, నాయనా.