శాంతక్క పేరు మీద గీత

ఎర్బిల్ నుంచి,

శాంతక్కకు నీ తమ్ముడు యాకోబు ప్రభువు పేరున వందనాలు చెప్పి రాసేది. నువ్వు, బావ, కీర్తన మంచిగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? చలికాలం కల్లంలో కూర్చుంటే అది మళ్లీ లేస్తుందని నాకు తెలుసు. నేను ఆరోగ్యంగానే ఉన్నాను, ఫికరు పడొద్దు. నువ్వు నా ఫోను ఎత్తడం లేదు కాబట్టి, సెలవు మీద తన ఊరు ముప్కాల్ వస్తున్న మా రూమ్మేటు రాజేశం చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. చివరిదాకా చదువు. ఆ తర్వాత చింపేసినా నేనేమీ అనుకోను.

నేను ఈ పరాయి దేశం వచ్చి ఎనిమిది నెలలు దాటింది. ఎర్బిల్ పట్టణానికి ఆనుకొని అంకావా అనే పేట ఉంది, ఎక్కువగా క్రైస్తవులుండే పేట. అక్కడ ముసలివాళ్ల ఆశ్రమంలో నా పని. గదులు తుడవడం, లేవలేనివాళ్లకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం. చలి ఎంత అంటే పొద్దున కుళాయి నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. అన్నం రోజూ దొరుకుతుంది గానీ, దాని మీద తెల్ల చిక్కుడు గింజల కూరే. కారం లేదు, పులుపు లేదు. రాజేశం తిరిగొచ్చేటప్పుడు అమ్మతో చింతకాయ తొక్కు పంపించమని చెప్పు. నేను బాగానే ఉన్నానని చెప్పు, ఏడుస్తున్నానని మాత్రం అమ్మకు చెప్పకు. ఆదివారాలే గడవవు.

మొదటి ఆదివారమే నాకు దిమ్మ తిరిగింది అక్కా. మన మతం తెల్లదొరలు ఓడల్లో తెచ్చిందని కదా మనం అనుకునేది. ఇక్కడివాళ్లు తెల్లదొరలకంటే ముందునుంచే క్రైస్తవులమంటారు. వాళ్ల ప్రార్థన సిరియా పాత భాషలో. చర్చి నిండా ధూపం. మన దగ్గర అగరుబత్తి వాసన వస్తేనే పాస్టరుగారు ముఖం చిట్లిస్తారు. ఇక్కడ పాస్టరే పొగ ఊపుతుంటే నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపలికి పోతే పాపమా, బయట నిలబడితే పాపమా తెలియలేదు.

అసలు సంగతి అది కాదు. ఆశ్రమంలో బెహ్నాం అని ఒక పెద్దాయన ఉన్నాడు. మోసుల్ దిక్కు బడిలో చరిత్ర చెప్పిన పంతులు, చర్చిలో కూడా పెద్ద. అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. ఇంగ్లీషు నిదానంగా మాట్లాడతాడు, నాకు అర్థమవుతుంది. ఒకరోజు ఆయనకు గడ్డం గీస్తూ నా గొప్పలు చెప్పాను. ఆర్మూరులో మా చర్చి సంఘానికి నేను సెక్రటరీగా చేశాను, బొట్టు, పూజ ముట్టొద్దని మా రూలు, రూలు అంటే రూలే అన్నాను. రుజువుకు నీ కథే చెప్పాను. సొంత అక్కనైనా విడిచిపెట్టలేదని.

పసుపు ఉడకబెట్టే మొదటి రోజు బాయిలరు దగ్గర కొబ్బరికాయ కొట్టి, రైతు భార్య నర్సవ్వ కూలికి వచ్చిన ఆడవాళ్లందరి కాళ్లకు పసుపు రాసి బొట్టు పెట్టిందని చెప్పాను. ఆ వరుసలో నువ్వూ ఉన్న ఫోటో సంఘం గ్రూపులోకి వచ్చిందని, నిన్ను పిలిచి అందరి ముందు నిలబెట్టామని చెప్పాను. ఆరోజు నువ్వన్న మాట నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది. "నర్సవ్వ ప్రేమతోని పెట్టింది తమ్మీ. వద్దంటే ఆమె మనసు నొస్తదని ఊకున్న. గింత మాత్రానికే నా దేవుణ్ణి ఇడిసినట్టా?" అన్నావు. నేను సంఘం సభ్యుల రిజిస్టరు తీసి, నీ పేరు పైకి చదివి, స్కేలు పెట్టి, ఎర్ర పెన్నుతో దాని మీద గీత గీశాను. గీత వంకర పోలేదని మనసులో సంతోషపడ్డాను కూడా. అదీ ఉస్తాద్‌కు చెప్పాను.

ఆయన మెచ్చుకుంటాడనుకున్నాను. "ఇప్పుడు మీ అక్క ఎక్కడ కూర్చుంటుంది?" అని అడిగాడు. రెండేళ్లుగా చర్చికి రావడం లేదని, క్రిస్మసుకు గేటు దాకా వచ్చి అమ్మ చేతిలో అరిసెల డబ్బా పెట్టి వెనక్కి పోయిందట అని చెప్పాను. ఆయన సబ్బు నురగ తుడుచుకొని నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు.

యేసు కాలం పోయి రెండు వందల ఏళ్లు దాటాక, డేసియస్ అనే రోము చక్రవర్తి ఒక హుకుం వేశాడట. అందరూ దేవతల ముందు బలి ఇవ్వాలి, ధూపం వేయాలి, వేసినట్టు అధికారి దగ్గర చీటీ తీసుకోవాలి. లేకపోతే జైలు, ఆస్తి పోవడం, చావు. సండే స్కూల్లో మనకు సింహాలకు ఎదురు నిలిచిన వాళ్ల కథలే చెప్పారు కదా. కార్తేజ్ అనే పట్టణంలో మన క్రైస్తవులే గుంపులు గుంపులుగా పోయి ధూపం వేశారట అక్కా. కొందరు లంచమిచ్చి చీటీ కొనుక్కున్నారట. ఆ ఊరి బిషప్పు సిప్రియన్ దొరక్కుండా దాక్కున్నాడట. ఇట్లాంటివాళ్ల మీదనేనా మన సంఘం నిలబడింది అనుకున్నాను.

ఆ హుకుం పీడ వదిలాక, అట్లా ధూపం వేసి పడిపోయినవాళ్లు తిరిగొచ్చి చర్చి గుమ్మం దగ్గర ఏడ్చారట. రోములో నొవేషియన్ అనే పెద్ద, వాళ్లను క్షమించే అధికారం సంఘానికి లేదని చెప్పి, పవిత్రులతో వేరే సంఘం పెట్టుకున్నాడు. సిప్రియన్ కూడా మొదట గట్టిగానే ఉన్నాడు. తర్వాత తోటి బిషప్పులతో కూర్చుని, పశ్చాత్తాపపడ్డవాళ్లకు తలుపు తీయాలని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత కాలంలో డొనేటస్ అనే ఆయన మనుషులు మళ్లీ అదే గొడవతో విడిపోతే, అగస్టీను అనే ఆయన ఏళ్ల తరబడి వాళ్లతో వాదించాడట. గోధుమల్లో గురుగులు ఉన్నాయని ఎవరూ కోతకు ముందే చేను పీకేయరు కదా అని ఆయన వాదన.

"అయితే మీరు ఎవరి దిక్కు ఉస్తాద్?" అని అడిగాను. అప్పుడు ఆయన తన తమ్ముడి సంగతి చెప్పాడు. వాళ్ల ఊరి మీదికి తుపాకులవాళ్లు వచ్చినప్పుడు ఊరంతా పారిపోయింది. తల్లి మంచం మీద ఉంది, మోసుకుపోయే వీలు లేదు. తమ్ముడు ఆమె దగ్గర ఆగిపోయాడు. మతం మారతావా చస్తావా అంటే, వాళ్లు చెప్పమన్న మాటలు చెప్పి తల్లికి అన్నం తినిపించుకుంటూ బతికాడు. ఊరు విడిపించాక తిరిగొచ్చి చర్చి బయట నిలబడితే, పాదిరి తానే బయటికి వచ్చి చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయాడు. ఉస్తాద్ మాత్రం లేచి ఆ చర్చిలోంచి వెళ్లిపోయాడు. తమ్ముడితో మళ్లీ మాట్లాడలేదు. పోయిన ఏడాది తమ్ముడు గుండె ఆగి చనిపోయాడు.

"మరి సిప్రియన్, అగస్టీను, ఇవన్నీ మీరు ఎప్పుడు చదివారు?" అన్నాను.

"ముప్పై ఏళ్లు బడిలో ఇదే చెప్పాను. నాకు అప్పుడూ తెలుసు" అన్నాడు.

నాకు తెలియక చేశాను అని ఒక సాకు ఉండేది అక్కా. ఆ మాట విన్నాక నాకు ఆ సాకు కూడా లేదని తెలిసింది. ఎందుకంటే నాకూ అప్పుడే తెలుసు. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మార్కెట్ యార్డులో నేను సేటు డీసీఎం వ్యాను నడిపిన ఐదేళ్లూ, ప్రతి దసరాకు సేటు బండికి పూజ చేసి నాకు బొట్టు పెట్టేవాడు. నేను తల వంచి పెట్టించుకున్నాను, కొబ్బరి ముక్క తిన్నాను. ఇంటికి వచ్చే దారిలో పెట్రోలు బంకు కుళాయి దగ్గర నుదురు కడుక్కునేవాణ్ని. నీ పేరు కొట్టేయడానికి మూడు నెలల ముందు వచ్చిన దసరాకు కూడా అదే చేశాను. నీకు ఫోటో ఉంది, నాకు లేదు. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నాకు తెలిసి కూడా కడుక్కొని వచ్చి నీ మీద తీర్పు చెప్పాను.

ఇదంతా సంఘానికి వేరే ఉత్తరంగా రాశాను. అదీ రాజేశం చేతికే ఇచ్చాను. ఆదివారం అందరి ముందు చదవమని, సంఘంలో పెద్దగా ఉన్న నాయినకు ఫోను చేశాను.

"గిది నేనెట్ల సదవాలె బిడ్డా? నలుగుట్ల నా ఇజ్జత్ ఏంగావాలె?" అన్నాడు.

"అక్క పేరు నేను సదివిననాడు ముందు కుర్చీల నువ్వే కూసున్నవు గదా నాయినా. గప్పుడు అక్క ఇజ్జత్ ఎవరికీ యాదికి రాలే" అన్నాను.

ఆయన ఫోను పెట్టేశాడు. చదువుతాడో లేదో తెలియదు. చదవకపోతే నువ్వే ఆ ఉత్తరం తీసుకొని బావతో చదివించు. నీ పేరు మళ్లీ రాయమని అందులో అడిగాను. రాయకపోతే నా పేరు కూడా కొట్టేయమన్నాను. నువ్వు నన్ను క్షమించాలని అడగను. అడిగే మొహం లేదు. ఒక్కసారి ఫోను ఎత్తి తిట్టినా చాలు.

బావకు వందనాలు, కీర్తనకు ముద్దులు. నర్సవ్వను అడిగినట్టు చెప్పు. పెద్దదానివి, నా కోసం ఒక మాట ప్రార్థన చేయి.

స్కేలు పెట్టి నీ పేరు కొట్టేసిన చేతితోనే ఇది రాస్తున్న
నీ తమ్ముడు,
యాకోబు