ఉయ్యాలకు కట్టిన బ్యాడ్జి

అనకాపల్లి,
3 ఆగస్టు 2025.

మహాలక్ష్మి వదినకు లోవలక్ష్మి నమస్కారాలు. అన్నయ్యకూ, నీ పక్కన కూర్చుని ఈ ఉత్తరం చదివించుకుంటున్న అమ్మకూ కూడా. ఇక్కడ నేనూ మా ఆయనా బాగున్నాం. చంటిబాబు బోర్లా పడుతున్నాడని విని సంతోషించాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే అమ్మ సగం విని, మిగతా సగం తనే కల్పించుకుంటుంది. అందుకే రాస్తున్నాను.

స్కాన్ సెంటర్లో నా పని రేడియేషన్ మందు సూదులు వెయ్యడం. మందు పొద్దున్నే సీసపు డబ్బాలో కారెక్కి వస్తుంది. గంటగంటకూ దాని బలం తగ్గిపోతుంది కాబట్టి అందరికీ తొందరే. సూది వేశాక రోగి ఒంట్లోంచే కిరణాలు వస్తాయి. అందుకని మా దగ్గర ముచ్చట్లన్నీ సూదికి ముందే, వేశాక దూరం జరిగిపోవాలి. మొన్న రోలుగుంట నుంచి వచ్చిన మరిడమ్మ గారు నా చెయ్యి వదల్లేదు. పొడిసీసి పారిపోతావేటమ్మా అని అడిగింది. నవ్వి, మెల్లగా విడిపించుకున్నాను.

అమ్మా, ఇక నీ బ్యాడ్జి సంగతి. ఉగాది ముందు కొత్తమావాస్య జాతరకు ఇక్కడికి వచ్చినప్పుడు నా కోటుకున్న బ్యాడ్జి చూసి అదేటని అడిగావు. ఇది లేకుండా ఆ గదిలోకి వెళ్లకూడదమ్మా అన్నాను. రక్ష అనుకున్నావు. నాకు చెప్పకుండా పూడిమడకలో మనింటికి పట్టుకెళ్లి, నల్లతాడు వేసి మనవడి ఉయ్యాలకు కట్టేశావు. ఇషం మందు కాడ కాసినది పసిపిల్లోణ్ని కాయదేటి అని వదినతో అన్నావట. నేనేమో ఎక్కడో పారేసుకున్నాననుకుని, చెబితే తిడతారని నోరు మూసుకుని తిరిగాను. జూన్ చివర వదిన చూసి పంపబట్టి సరిపోయింది.

దాన్ని ల్యాబుకు పంపితే మొన్న రిపోర్టు వచ్చింది. ఏమీ తగల్లేదట. మా సేఫ్టీ ఆఫీసరు దేవీప్రసాద్ గారు భుజం తట్టినంత పని చేశారు. చంటిబాబుకు దిష్టి కూడా తగిలి ఉండదులే. వదినా, అమ్మను ఏమీ అనకు.

రేపటి నుంచి నన్ను రిసెప్షన్లో కూర్చోమన్నారు. కూర్చునే పనే కదా, అమ్మకు ఇష్టమే.

ఉంటాను,
మీ ఆడపడుచు
లోవలక్ష్మి

తా.క. వదినా, ఇక్కడి నుంచి పైకి చదవకు.

ఆ బ్యాడ్జి ఎవరినీ కాపాడదు. ఒంటికి ఎంత తగిలిందో లెక్కపెడుతుంది, అంతే. అది మీ ఉయ్యాలకు వేలాడినన్నాళ్లూ నేను ఆ గదిలోనే ఉన్నాను. ఏమీ తగల్లేదన్న రిపోర్టు నాది కాదు, చంటిబాబుది.

నాకు మూడో నెల. పోయిన వారమే తెలిసింది. దేవీప్రసాద్ గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిట్టారు. తర్వాత నాతో పనిచేసేవాళ్ల రిపోర్టులు చూసి అంచనా వేసి, పెద్దగా తగిలి ఉండకపోవచ్చన్నారు. ఆ ‘ఉండకపోవచ్చు’ నన్ను నిద్రపోనివ్వడం లేదు. భయంగా ఉంది వదినా. అమ్మకు తెలిస్తే గుండెలు బాదుకుంటుంది. బ్యాడ్జి సంగతి ఎప్పటికీ చెప్పకు. బిడ్డ సంగతి నేనే చెబుతాను.

ఒక్క పని చేసిపెట్టు. అమ్మ చేత్తో ఒక నల్లతాడు ముడి వేయించి, ఈ ఉత్తరం తెచ్చిన మా ఆయనకిచ్చి పంపు. నా నడుముకు సరిపోవాలి. అది దేన్నీ లెక్కపెట్టదు. అందుకే కావాలి.