పాత ప్రసంగ వేదిక కలపతో చేసిన పద్నాలుగు పెట్టెలు

లూయిస్ ద్వీపం పడమటి ఒడ్డున క్నోక్‌మోర్ గ్రామంలో పదకొండో నంబరు ఇంట్లో ఉంటున్న వడ్రంగి, కీర్తిశేషులు డోనల్డ్ మెకాలే కుమారుడు, డెబ్బై ఎనిమిదేళ్ల ఎవాండర్ మెకాలే అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్న వీలునామా ఇది. దీనికి ముందు రాసినది రద్దు. నేను స్వస్థచిత్తంతో ఉన్నానని డాక్టరు గారు ఇచ్చిన సర్టిఫికెట్టు జతపరిచాను. ఆయన నన్ను ఇది ఏ నెల అని అడిగారు, వందలోంచి ఏడేసి తీసివేస్తూ చెప్పమన్నారు. అన్నీ సరిగ్గానే చెప్పాను. పోయిన నెల నాలుగో ఆదివారం దాకా నా బుద్ధి ఎక్కడుందని ఆయన అడిగి ఉంటే మాత్రం సర్టిఫికెట్టు దొరికేది కాదు.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత స్టోర్నోవే టౌనులో ఉన్న మా లాయరు ఇషబెల్ గిల్లీస్ గారిది. ఇందులో ఉన్న సొంత గోడు తీసేసి రెండు పేజీల్లో సరిపెట్టమని ఆవిడ రెండుసార్లు చెప్పారు. తీయను. ఏది ఎవరికి పోతుందో తెలిస్తే చాలదు, ఎందుకు పోతుందో కూడా వారసులకు తెలియాలి.

2. నా చిత్రికలు, ఉలులు, మా నాన్న రంపం, వర్క్‌షాపులో ఉన్న తక్కిన పనిముట్లన్నీ నా తమ్ముడు కీర్తిశేషులు ఆలిస్టర్ కొడుకు రూరీకి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. రూరీ ఇళ్లకు ఇంటర్నెట్ తీగలు వేసే పని చేస్తాడు. ఉలి పట్టడం రాదు. అయినా వాడికే.

నాలుగేళ్ల కిందట వాడు ఆదివారం పూట పిల్లల్ని పోగేసి ఫుట్‌బాల్ ఆడించడం మొదలుపెట్టాడు. చర్చి సంఘానికి పెద్దనైన నా ఇంటి పేరు మోస్తూ ప్రభువు దినాన బంతి వెనకాల పరుగులేమిటని పిలిపించి అడిగాను. అది విగ్రహారాధనే అన్నాను. వాడు తల గోక్కుని, "పెదనాన్నా, మేం బంతిని తంతున్నాం, దండం పెట్టట్లేదు" అన్నాడు. పక్కనే ఉన్న నా చెల్లెలు డోలీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. మళ్లీ నా గడప తొక్కొద్దన్నాను. తొక్కలేదు. ఆ మాట అంత బాగా పాటిస్తాడని అప్పుడు అనుకోలేదు.

3. మా ఇంటి కిటికీ పక్కన చిన్న బల్ల మీద ఉండే ఓక్ పెట్టెను ఎవరికీ ఇవ్వడం లేదు. దాన్ని లాయరు గారి ఎదుట పొయ్యిలో కాల్చాలి. ఈ క్లాజు పొడుగ్గా ఉంటుంది, చదివేవాళ్లు ఓపిక పట్టాలి.

ఏడేళ్ల కిందట మా ప్రార్థనాలయం బాగుచేసినప్పుడు పాత ప్రసంగ వేదికను ఊడదీశారు. అంతా ఓక్ కలప. చెట్టన్నది కనబడని ద్వీపంలో అలాంటి కలపను పొయ్యిపాలు చెయ్యడానికి మనసొప్పక నేనే ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటికే అందరి అరచేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి. ఆకలేసినా అందులోకే చూస్తారు, ఏడుపొచ్చినా అందులోకే చూస్తారు, ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి చూసేవాళ్లు కూడా ఉన్నారు. నిద్ర లేవగానే ఎవరి మొహం చూస్తున్నారో అదే మీ దేవుడు అని నేను సంఘంలో చెప్పాను. ఆ మాట తప్పని ఈ రోజుకీ అనను.

ఆ కలపతో ఒక పెట్టె చేశాను. శనివారం సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ అందులో పెట్టి తాళం వెయ్యాలి. సోమవారం పొద్దున తియ్యాలి. తాళం చెవి ఇంటి పెద్ద దగ్గర ఉండాలి. పెట్టె పూర్తయిన రోజున డోలీనా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తాళం ఎందుకన్నయ్యా? మూత చాలదా?" అని అడిగింది. మూత ఎవరైనా ఎత్తుతారు, మనిషి బలహీనుడు అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. తను విని టీ పెట్టడానికి వెళ్లింది.

సంఘంలో పదముగ్గురు అడిగారు, పదముగ్గురికీ చేసిచ్చాను. మాదీ కలిపి పద్నాలుగు. జనం వాటిని ఎవాండర్ పెట్టెలు అనేవారు. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా లోపల ఎక్కడో తియ్యగా ఉండేది. అది ఏమిటో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు, రాయడానికి చెయ్యి రావడం లేదు.

పోయిన నెల నాలుగో ఆదివారం డోలీనాకు జలుబు చేసి ఆరాధనకు రాలేదు. మధ్యాహ్నం పన్నెండు గంటల ఆరాధనకు నేను ఒక్కణ్ణే వెళ్లాను. తాళం చెవి నా కోటు జేబులో ఉంది. ఆరాధన అయ్యాక తిన్నగా ఇంటికి రావలసింది. వాకిట్లో ఒక కొత్త జంట ఫోను చూసుకుంటూ కనబడితే నిలబెట్టి ముప్పావుగంట బుద్ధి చెప్పాను. మీ చేతిలో ఉన్నది మీ ఇంటిని తినేస్తుందని చెప్పాను. ఈ మాటలే చెప్పాను. నా నోటితోనే చెప్పాను.

రెండున్నరకు ఇంటికి వచ్చేసరికి డోలీనా నేల మీద ఉంది. కుడి పక్క మొత్తం పడిపోయింది. పెట్టె బల్ల మీద నుంచి కింద పడి తన పక్కనే ఉంది. ఎడమ చేతిలో పొయ్యి కెలికే ఇనప కడ్డీ ఉంది. మూత మీద తొమ్మిది సొట్టలు పడ్డాయి. తరవాత నేనే వేలితో తడిమి చూశాను. ఒక్క బందు కదల్లేదు, ఒక్క కీలు వదులు కాలేదు. అంత బాగా చేశాను.

తను ఫోను ఆపకుండానే లోపల పెట్టినట్టుంది. తరవాత తెరిచి చూస్తే రూరీ మూడుసార్లు పిలిచిన గుర్తు ఉంది. పన్నెండు ఇరవైకి, ఒంటిగంటకు, ఒంటిగంటా నలభైకి. మా పొగగొట్టంలోంచి పొగ రావడం లేదని దారిలో పోతూ చూశాడట. పెదనాన్న పెట్టిన ఆదివారం నియమం గుర్తున్నా ఒకసారి ప్రయత్నిద్దామని పిలిచాడట. మరి తలుపు తట్టలేకపోయావా అని నేను ఎవరినీ అడగలేను. తట్టొద్దన్నది నేనే. నా చెల్లెలు నేల మీద పడి ఉండి ఆ ఫోను మూడుసార్లు మోగడం విని ఉంటుంది. మూరెడు దూరంలో.

గోడకు ఉన్న పాత ఫోను పోయినేడాది నేనే తీయించేశాను, అమ్మకాలవాళ్లు ఆదివారం కూడా పిలుస్తున్నారని.

4. నా అల్యూమినియం నిచ్చెన, కొత్త రెయిన్‌కోటు, పొయ్యిలోకి ఎండబెట్టి పెరట్లో పేర్చిన పీట్ మట్టిగడ్డలు మొత్తం పక్కింటి ఎఫీ మన్రో గారికి. ఆవిడ ఆదివారం బట్టలు ఆరేసిందని ఇరవై రెండేళ్లుగా నేను పలకరించలేదు. ఎదురుపడితే సముద్రం వైపు చూసేవాణ్ణి. ఆ రోజు తాళం చెవి పట్టుకుని పెట్టె దగ్గర కూచుంటే ఎంతకీ అది కన్నంలోకి దిగలేదు. లేచి ఆవిడ ఇంటికే పరుగెత్తాను. ఆవిడ ఏప్రాన్ జేబులోంచి ఫోను తీసి అంబులెన్సును పిలుస్తూనే నాకంటే ముందు మా ఇంట్లోకి వచ్చింది, డోలీనా తల ఒళ్లో పెట్టుకుంది. అంబులెన్సు ఇరవై అయిదు నిమిషాల్లో వచ్చింది. ఇంకో రెండు గంటల ముందు పిలిచి ఉంటే మాట పోకపోయేదేమో, చెప్పలేమని డాక్టరు గారన్నారు. చెప్పలేకపోవడమే నాకు మిగిలింది.

ఆ రోజు కూడా ఆవిడ తీగ మీద దుప్పట్లు ఉన్నాయి. నేను చూశాను. చూసినందుకు సిగ్గుపడ్డాను.

5. తక్కిన పదమూడు పెట్టెల సంగతి. డోలీనాను ఆసుపత్రిలో ఉంచి నేను ఇంటికి వచ్చిన మూడో రోజున వాటిని వెనక్కి అడగడానికి బయల్దేరాను. ముందు పాస్టరు గారి దగ్గరికి వెళ్లి, సంఘం ఎదుట తప్పు ఒప్పుకుంటాను, పెద్దరికం వదులుకుంటాను అన్నాను. ఆయన అంతా విన్నారు. తరవాత నెమ్మదిగా, "ఎవాండర్ గారూ, ప్రాణం మీదికి వచ్చినప్పుడు చెయ్యాల్సిన పని ఆదివారమైనా చెయ్యొచ్చని మన సంఘం ఏనాడూ కాదనలేదు. తాళం మీ సొంత సిద్ధాంతం" అన్నారు. ఆయన పెట్టె తెచ్చి ఇచ్చారు. అందులో ముల్లంగి విత్తనాల పొట్లాలున్నాయి. ఆయన దానికి ఒక్కసారి కూడా తాళం వెయ్యలేదట. నేను ఏడేళ్లుగా ఆయన్ను సాక్షిగా చూపించి అందరికీ పెట్టెలు అంటగట్టాను.

మరో నలుగురు మాట్లాడకుండా ఇచ్చేశారు. ఎనిమిది మంది ఇవ్వనన్నారు. పెట్టె తప్పేముంది అన్నారు. డోలీనాకు వచ్చినది దేవుని పరీక్ష అన్నారు. అలా మాట్లాడడం వాళ్లకు నేర్పింది నేనే.

అన్నిటికన్నా క్రిస్టినా బెయిన్ గారి ఇంట్లో చూసినది ఇప్పటికీ నమ్మలేకుండా ఉన్నాను. ఆవిడకు ఎనభై ఒక్క ఏళ్లు, గుండె జబ్బు ఉంది, ఒంటరి మనిషి. నేను ఇచ్చిన పెట్టెను పొయ్యి పైన గట్టు మీద పెట్టింది. కింద లేసు గుడ్డ పరిచింది. పక్కన గాజు గ్లాసులో పూలున్నాయి. శనివారం తాళం వేశాక దాని మీద అరచెయ్యి ఆనించి ప్రార్థన చేసుకుంటుందట. మనసు మారుతుందేమోనని తాళం చెవిని వీధి చివరి ఇంట్లో ఇచ్చి వస్తుందట. ఆదివారం గుండె నొప్పి వస్తే ఎలా అని అడిగాను. "ఎవాండరూ, నీ పెట్టె వచ్చాకే ఈ ఇంట్లోకి దేవుడు వచ్చాడు. తీసుకుపోతే ఆయనా వెళ్లిపోతాడు" అంది. నవ్వుతూ, నన్ను సంతోషపెడుతున్నాననుకుంటూ అంది.

నేను అడక్కుండానే స్క్రూడ్రైవర్ తీసి అక్కడే తాళం ఊడదీశాను. ఆవిడ కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. విగ్రహం చేసుకోవద్దు, దానికి మొక్కొద్దు అనే రెండో ఆజ్ఞ చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన మనుషులం. ఇంట్లో ఒక పటం కూడా పెట్టుకోనివాళ్లం. మా ఊళ్లో పద్నాలుగు విగ్రహాలు వెలిశాయి, వాటిని చెక్కింది నేను. ఫోను విగ్రహమని అరిచి అరిచి, దాన్ని దాచే పెట్టెకు మొక్కించాను. ముందుగా మొక్కింది నేనే.

కాబట్టి: తక్కిన ఏడు ఇళ్లలో ఉన్న పెట్టెలకు తాళాలు ఊడదీసే పని, నేను బతికుండగా పూర్తి చెయ్యలేకపోతే, లాయరు గారూ రూరీ కలిసి పూర్తి చెయ్యాలి. ఒప్పుకోనివాళ్లకు ఈ క్లాజు చదివి వినిపించాలి. పెట్టెలు వాళ్లే ఉంచుకోవచ్చు. విత్తనాలు పెట్టుకోవచ్చు.

6. మగ్గం డోలీనాది. దాన్ని ఆస్తి జాబితాలో నా పేర రాయడం పొరపాటు. నలభై ఏళ్లు తను తొక్కి నేసినది, నేను ఒక్క పోగు వెయ్యలేదు. ఇప్పుడు కుడికాలు కదలదు గనక మగ్గం దేనికని ఎవరూ అమ్మకూడదు. తను వద్దనేదాకా అది షెడ్డులో ఉండాలి, నెలకోసారి నూనె వెయ్యాలి.

7. ఇల్లు, దానికి చెందిన సాగుభూమి కౌలు హక్కు, గొర్రెలు పదహారు, ఇంట్లో ఉన్న సమస్త చరాస్తి నా చెల్లెలు డోలీనా మెకాలేకు, ఆమె తదనంతరం రూరీకి. పాత వీలునామాలో ఆ ఇల్లు సంఘానికి రాసి, డోలీనాకు బతికినన్నాళ్లు ఒక గది ఇచ్చాను. ఒక గది. అది చదివి సంతకానికి సాక్షిగా నిలబడినప్పుడు లాయరు గారు నా వైపు చూసిన చూపు నాకిప్పుడు అర్థమైంది.

ఈ క్లాజు వచ్చే సోమవారం నుంచే అమల్లోకి రావాలని రాయించబోతే, వీలునామా మీరు పోయాకే పనిచేస్తుంది, బతికుండగా ఇవ్వాలంటే దానపత్రం వేరే రాయాలని ఆవిడన్నారు. సరే, అదీ ఇవాళే రాశాను. సోమవారం నుంచి రూరీ, వాడి భార్య ఆ ఇంట్లో డోలీనాతో ఉండి చూసుకుంటారు. టౌనులో వాళ్లు ఖాళీ చేసిన అద్దె గదిలో నేనుంటాను.

ఇలా ఎందుకు చేశానో చెప్పి ముగిస్తాను. డోలీనాకు మాట రాదు. అడిగింది అవునంటే ఎడమ చేతి వేలితో మంచం కమ్మీ మీద ఒకసారి తడుతుంది, కాదంటే రెండుసార్లు. మొన్న మంగళవారం ఆసుపత్రిలో రూరీ తన పక్కన కూచుని, "అత్తా, ఇంటికి వెళదామా?" అని అడిగాడు. తను రెండుసార్లు తట్టింది. వాడు అర్థం కాక మళ్లీ అడిగాడు. మళ్లీ రెండే. వాడు నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని, "పెదనాన్న అక్కడ లేకపోతే?" అన్నాడు.

డోలీనా కళ్లెత్తి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఒకసారి తట్టింది. నేను రెండోదాని కోసం ఆ వేలి వంకే చూస్తూ కూచున్నాను. అది రాలేదు.

పై విషయాలన్నీ నేనే చెప్పి, చదివించుకుని, విని, ఒక్క మాట కూడా కొట్టెయ్యకుండా ఒప్పుకుని సంతకం చేశాను.

స్టోర్నోవే, 2023 జూన్ 22, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు.

(సంతకం) ఎవాండర్ మెకాలే

సాక్షులు:
1. జోవాన్ మెథెసన్, ఊరి నర్సు
2. నీల్ ఫెర్గసన్, పోస్ట్‌మాన్